మోహన్ ఛాతీ ఆపరేషన్, వాళ్ల నాన్న పోసిన గ్రాగ్

మన సంఘం పిల్లల్లో కొందరు ఈ మధ్య నర్సింగ్‌లో చేరారు. ఆదివారం భజన అయ్యాక నా పక్కన చేరి, వార్డులో నిజంగా ఏం చేస్తారు ఆంటీ అని అడుగుతారు. వాళ్లకి తెలుగు మాట్లాడటమే అంతంత మాత్రం, చదవడం అసలు రాదు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. వాళ్ల నాయనమ్మలు చదివి వినిపిస్తారు. ఆ వంకనైనా ఇద్దరూ కాసేపు ఒకచోట కూర్చుంటారు.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకే నేను నర్సునయ్యాను. ఎక్కువ కాలం సర్కారీ ఆసుపత్రి సర్జికల్ వార్డులో, చివరి కొన్నేళ్లు లౌటోకాలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో పనిచేశాను. నర్సింగ్ స్కూలు నాకు ఉద్యోగం ఇచ్చింది, చదువు ఇచ్చింది మాత్రం లైబ్రరీ. డ్యూటీ దిగి బస్సుకి వేళ కాకపోతే అక్కడే కూర్చునేదాన్ని. శరీర శాస్త్రం, మొక్కల శాస్త్రం, ఓడల చరిత్ర, ఏది దొరికితే అది. అర్థం కాని పుస్తకాన్ని రెండోసారి తెచ్చుకునేదాన్ని. మూడోసారి తెచ్చుకుంటే లైబ్రరీ ఆవిడ నవ్వేది. నవ్వినా ముద్ర వేసి ఇచ్చేది.

పదోన్నతుల గురించి, రిజిస్టర్ల గురించి రాయను, అవి అందరికీ ఒకటే. ఒక్క రోగి గురించి రాస్తాను. ఆపరేషన్ సర్జన్‌ది, దానికి ముందూ వెనకా ఉన్నదంతా మనది. ఆ సంగతి నాకు అన్నిటికంటే బాగా తెలిసింది ఈ కేసులోనే.

చేతులు కట్టించుకున్న రోజు

ముందు మా మేట్రన్ లీటియా గురించి చెప్పాలి. నేను చేరిన కొత్తలో వార్డు ఆవిడ చేతిలో ఉండేది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. రొమ్ము ఆపరేషన్ అయిన ఆడవాళ్లు చెయ్యి ఎత్తలేకపోతున్నామని ఏడిస్తే, మేం కొత్త నర్సులం ఓపిక పట్టండమ్మా అని పైపైన చెప్పి వెళ్లిపోయేవాళ్లం. ఆవిడ అది విన్నది. మర్నాడు మా ముగ్గురి మోచేతుల్నీ నడుముకి ఆనించి క్రేప్ బ్యాండేజీతో కట్టేసి, మీ పని మీరు చేసుకోండి అంది. మొహం కడుక్కోవడం, జడ వేసుకోవడం, పై అరలోంచి కప్పు తీసుకోవడం ఏదీ కుదరలేదు. దోమ కుడితే ఒకరి మొహం మీద ఒకరం ఊదుకున్నాం. సాయంత్రం కట్లు విప్పుతూ ఆవిడ ఒక్కటే అడిగింది: "ఇప్పుడు చెప్పండి, రేపు ఇంటికెళ్లే ఆవిడ వంటింట్లో ఏ అర ఎంత ఎత్తులో ఉందో మీకు తెలుసా?"

అప్పటినుంచి ఆపరేషన్‌కి ముందు ప్రతి రోగినీ ఇంటి గురించి అడిగేదాన్ని. నీళ్లు ఎవరు తోడతారు? మంచం గోడకి ఏ వైపుంది? స్నానం ఎవరు చేయిస్తారు? కొత్త డాక్టర్లు నవ్వుకునేవారు. నవ్వనివ్వండి. ఇంటికెళ్లాక కుట్టు తెగి తిరిగొచ్చిన రోగిని చూసి వాళ్లే మానేస్తారు.

మోహన్

మోహన్ మొదటిసారి క్లినిక్‌కి వచ్చింది ఆపరేషన్ కోసం కాదు, పుండ్ల కోసం. నమాకాలో అద్దె కార్లు బాగుచేసే షెడ్డులో మెకానిక్. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు, ఆడపిల్ల పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను, అది అతనిది కాదు. ఇరవై దాటాక పక్క దీవిలో, సెయంగంగాలో చెరకు పొలం వదిలి ఇటు వచ్చాడు. జుట్టు కత్తిరించుకున్నాడు, పేరు మార్చుకున్నాడు, తర్వాత డాక్టరు సలహాతో ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. గడ్డం వచ్చింది, గొంతు మారింది. రొమ్ములు మాత్రం మందుతో పోవు. వాటిని కనబడనీయకుండా సాగే బ్యాండేజీ గట్టిగా బిగించుకుని, ఆ ఎండలో, ఆ రేకుల షెడ్డులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కార్ల కింద పడుకుని పనిచేసేవాడు. చంకల కింద చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి.

కడిగి మందు రాశాను. బ్యాండేజీతో కట్టుకోకూడదనీ, ఊపిరికి మంచిది కాదనీ చెప్పాను. అతను గోడ వైపు చూస్తూ, "కట్టుకోకపోతే షెడ్డుకి ఎలా పోను ఆంటీ?" అన్నాడు.

సాయంత్రం లైబ్రరీకి వెళ్లాను. శస్త్రచికిత్స పుస్తకంలో రొమ్ము అధ్యాయం నాకు కంఠతా వచ్చు, కానీ అదంతా కాన్సర్ గురించి. ఇలాంటివాళ్ల గురించి ఉన్నది అడుగున చిన్న అక్షరాల్లో ఒక పేరా. దాంతో సరిపెట్టుకోక కంప్యూటరు ముందు కూర్చున్నాను. మౌస్ పట్టుకోవడం నేర్పింది ఆ లైబ్రరీ ఆవిడే. చదివినకొద్దీ తెలిసింది, కత్తి పని మా వార్డులో చూసినదానికి దగ్గరే, మనసు పని వేరు. మా వార్డు ఆడవాళ్లు పోగొట్టుకుని ఏడ్చేవారు. మోహన్ పోవాలని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాడు.

మా క్లినిక్‌కి ఏడాదికోసారి న్యూజీలాండ్ నుంచి ఒక సర్జన్ వచ్చి కొద్ది రోజులుండి, కాలిన మచ్చలూ గ్రహణం మొర్రులూ సరిచేసి వెళ్లేవాడు. ఈ ఆపరేషన్ తన దేశంలో చాలాసార్లు చేశాడట. మోహన్‌ని చూసి, మాట్లాడి, వచ్చే ఏడు వచ్చినప్పుడు చేస్తానన్నాడు. ఆ ఏడాదంతా మోహన్ మా ఇంటి మనిషయ్యాడు. లోవులో మా ఇల్లు. ఆదివారాలు వచ్చి నా పాత కారు బాగుచేసేవాడు. అందులో చెడనివి కూడా బాగుచేశాడు.

ముందు చెయ్యవలసినవి

ఇది పిల్లలు శ్రద్ధగా వినాలి. సిగరెట్ ముందు మాన్పించాలి, మోహన్‌కి ఆ అలవాటు లేదు. ముందు గుండీలున్న చొక్కాలే కొనిపించాను, తల మీదుగా తొడిగేవి కొన్నాళ్లు కుదరవు. మా వంటింట్లో పై అరలోవన్నీ నడుము ఎత్తుకి దింపాను. వెల్లకిలా, వీపు కింద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం నెల ముందే అలవాటు చేయించాను, బోర్లా పడుకునే మనిషికి అదే పెద్ద శిక్ష. మేట్రన్‌లాగా ఒక రోజు అతని మోచేతులు కూడా కట్టేశాను. రెంచీని పళ్లతో పట్టుకోబోయి నాతో తిట్లు తిన్నాడు.

గ్రాగ్ సంగతి విడిగా చెప్పాను. యంగోనా వేరు పిసికిన ఆ నీళ్లు మన దేశంలో మంచినీళ్లతో సమానం, అందుకే మందుల పేర్లు చెప్పమంటే ఎవరూ దాని పేరు చెప్పరు. అది ఒంట్లో ఉండగా మత్తిస్తే మనిషి ఎంత లోతుకి వెళ్తాడో మత్తు డాక్టరుకి అంచనా దొరకదు. లివర్‌కీ మంచిది కాదు. కొన్ని వారాల ముందే ఆపాలన్నాను. మోహన్ నవ్వాడు. షెడ్డులో ఎప్పుడైనా ఒక గుటక తప్ప తనకి ఎవరు పోస్తారన్నాడు.

మిగిలింది ఒక్క ప్రశ్న: ఆపరేషన్ అయ్యాక పక్కన ఎవరుంటారు? నేనున్నానన్నాను. అతనికి అది చాలదని తెలుసు. తల్లి సరోజకి ఫోన్లో అంతా చెప్పుకున్నాడు, ఆవిడ ఏడ్చి, తర్వాత ఏం వండి పంపాలో అడిగింది. తండ్రి అప్పలసామి మాత్రం ఏళ్లుగా ఫోనందుకుంటే వాన గురించీ చెరకు లారీల గురించీ తప్ప ఏమీ మాట్లాడడు. ఏ పేరుతోనూ పిలవడు. "ఆ, సెప్పు" అంటాడు, అంతే. ఆయనకి ఎదురుగా చెప్పి వస్తానని, ఆపరేషన్‌కి వారం ముందు మోహన్ ఓడెక్కాడు.

సెయంగంగాలో

అక్కడ జరిగింది నాకు తర్వాత ఇద్దరూ చెప్పారు, ఇద్దరి కథా ఒకటే.

మోహన్ చెప్పాడు. అప్పలసామి విన్నాడు. పొలానికి వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే. ఆ సాయంత్రం వరండాలో చాపలు పరిచారు, చెరకు కొట్టే గ్యాంగు మగవాళ్లు వచ్చి చుట్టూ కూర్చున్నారు. మధ్యలో తానోవా, అంటే ఆ నాలుగు కాళ్ల చెక్క గిన్నె. ఆ ఇంట్లో ఆడవాళ్లు ఆ చాప మీద కూర్చోరు. మోహన్ చిన్నప్పటినుంచీ లోపలినుంచి వేయించిన బఠాణీలు తెచ్చి అంచున పెట్టి వెళ్లేవాడు. ఆ రోజూ అలాగే తెచ్చి పెట్టాడు. వెనక్కి తిరగబోతుంటే తండ్రి పక్కకి జరిగి చాప మీద చోటు చూపించాడు.

"మోహనా, ఇలా రా. ఇక్కడ కూకో."

ఆ పేరు ఆయన నోట అదే మొదటిసారి. మోహన్ కూర్చున్నాడు. అప్పలసామి కొబ్బరి చిప్పని, మేం బిలో అంటాం, గిన్నెలో ముంచి అంచుదాకా నింపి రెండు చేతులా అందించాడు.

నేను చెప్పినదంతా మోహన్‌కి గుర్తుంది. గుర్తుండే తాగాడు. చాప మీద పెద్దవాడి తర్వాత చిన్నవాడికి, ఒక్కొక్కరికీ వరస తిరిగి వస్తూనే ఉంటుంది. మొదటిది పుచ్చుకున్నవాడు రెండోది కాదనలేడు. పొద్దుపోయేదాకా కూర్చున్నారు. లేచేటప్పుడు అప్పలసామి, లౌటోకాకి నానూ వస్తాను అన్నాడు.

డాక్టర్ మెరే చెప్పిన మాట

మత్తు డాక్టరు మెరే ఈ నేల మనిషి, ఈతౌకేయి. సన్నగా, నెమ్మదిగా మాట్లాడుతుంది, మాట మార్చదు. ఆపరేషన్ ముందురోజు పరీక్షలో గ్రాగ్ సంగతి అడిగింది. మోహన్ అబద్ధం చెప్పలేదు. ఎప్పుడు, ఎంత అని అడిగింది. ఎప్పుడో చెప్పాడు, ఎంతో లెక్క తెలియదన్నాడు. ఆవిడ పెన్ను మూత పెట్టి, రేపు నేను మత్తివ్వను అంది.

సర్జన్ ఆ వారాంతానికి వెళ్లిపోతాడు. జాబితా నిండిపోయింది. రేపు కాకపోతే మళ్లీ ఏడాది. మోహన్ చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంటున్నాడు. నాకు మెరే మీద కోపం వచ్చింది. ఆవిడ చేసిందే సరి అని తెలిసి కూడా వచ్చింది. పిల్లలూ, మీకూ వస్తుంది. మత్తు డాక్టరు వద్దన్నాక వాదించకండి. వాళ్లు మనకి కనబడనిది చూస్తారు.

బయట బల్ల మీద అప్పలసామి కూర్చుని ఉన్నాడు. పెద్ద చేతులు మోకాళ్ల మీద, ఇస్త్రీ చొక్కా. విషయం చెప్పాను. ఆయన లేచి, తలుపు తట్టకుండా డాక్టర్ గదిలోకి వెళ్లిపోయాడు. వెనకే నేను.

"హమ్ దియా, డాక్టర్," అన్నాడు మన ఫిజీ హిందీలో. "ఊ నై మాంగిస్." నేనే ఇచ్చాను, వాడు అడగలేదు అని.

మెరే ఆయన్ని కూర్చోమని, తనూ కుర్చీ ఇటు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇంట్లో అంతకుముందు ఎప్పుడైనా ఇచ్చారా అని అడిగింది. లేదన్నాడు. ఎందుకిచ్చారని అడగలేదు. బిలో అందించడం అంటే ఏమిటో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"మా నాన్న నాకు మొదటి బిలో ఇచ్చింది నేను డాక్టరయ్యాక," అంది. "నేనూ కాదనలేకపోయాను. కానీ మీ అబ్బాయికి రేపు నేను మత్తివ్వలేను."

మీ అబ్బాయి అన్న మాటకి అప్పలసామి తలెత్తాడు.

తర్వాత ఆవిడే సర్జన్‌తో మాట్లాడి, చివరి రోజున కాలిన మచ్చ సరిచేయించుకోవాల్సిన ఒకావిణ్ణి మోహన్ బదులు మర్నాటికి జరిపింది. ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. చివరి రోజు మోహన్‌కి దక్కింది, షరతు మీద. రక్తం మళ్లీ పరీక్షిస్తారు, లివర్ బాగుండాలి, ఈలోపు ఒక్క చుక్క పడినా వచ్చే ఏడాదే.

అప్పటిదాకా నేను రోగుల్ని గ్రాగ్ తాగుతారా అని అడిగేదాన్ని. ఆ రోజునుంచి, మీకు ఎవరు పోస్తారు అని కూడా అడిగాను. ఆ మనిషిని పిలిపించి, ఇద్దరికీ కలిపి చెప్పేదాన్ని. మీరూ అలాగే చెయ్యండి.

లోవులో నిమ్మాకు టీ

ఆ కొద్ది రోజులూ తండ్రీకొడుకులు మా ఇంట్లోనే ఉన్నారు. అప్పలసామి కాపలా పోలీసులా ఉండేవాడు కాదు, చిన్నబోయిన పెళ్లికొడుకులా ఉండేవాడు. మోహన్ తాగేదాకా తనూ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. యవ్వనం నుంచి ప్రతి సాయంత్రం చాప మీద కూర్చున్న మనిషి, ఎదురింటి వరండాలో గ్రాగ్ చప్పట్లు వినబడుతుంటే మా ఇంట్లో నిమ్మాకు టీ తాగుతూ గోడ గడియారం చూసేవాడు.

ఆయన మనసు మళ్లిద్దామని లైబ్రరీలో చదివినది చెప్పాను. యంగోనా, మిరియాలు, తమలపాకు మూడూ ఒకే కుటుంబం మొక్కలన్నాను.

"తమలపాకుకి సుట్టమా?" అన్నాడు ఆశగా. "అయితే సెల్లెమ్మా, ఒక ఆకు నమిల్తే?"

"నమలండి, మీకు ఆపరేషన్ లేదుగా."

"ఒద్దులే. అదీ ఆ ఇంటోళ్లదేగా." ఆ తర్వాత తమలపాకు కూడా మానేశాడు. సున్నం డబ్బీ జేబులో అలాగే ఉండిపోయింది.

రక్తం బాగుందన్నారు. చివరి రోజు, చివరి పేరుగా మోహన్ లోపలికి వెళ్లాడు. స్ట్రెచర్ తోస్తున్నప్పుడు తండ్రి తలుపుదాకా దాని పక్క కమ్మీ పట్టుకుని నడిచాడు. మెరే బయటికి వచ్చి బొటనవేలు పైకెత్తి చూపించేదాకా బల్ల మీద కూర్చోలేదు.

విప్పిన రోజు

ఆపరేషన్ అయ్యాక మోహన్ ఛాతీ చుట్టూ బిగుతైన చొక్కా, రెండు పక్కలా సన్నని గొట్టాలు, చివర నెత్తురునీరు దిగే చిన్న ప్లాస్టిక్ బుడ్లు. వాటిని ఖాళీ చెయ్యడం అప్పలసామి నేర్చుకున్నాడు. చేతులు కడగమంటే మోచేతులదాకా తోముకునేవాడు, ట్రాక్టరు గ్రీజు వదిలించినట్టు. మోహన్‌కి వదులుగా లుంగీ కట్టి, పక్కన గిన్నె పెట్టుకుని, చెంచాతో చేప పులుసు తినిపించేవాడు. సరోజ రోజూ ఫోన్ చేసి వంకాయ పెట్టొద్దు, రొయ్యలు పెట్టొద్దు, పుండు చీము పడుతుందని చెప్పేది. పుస్తకాల్లో వంకాయ మాట లేదు. ఇలాంటి పథ్యాలతో యుద్ధం చేయకండి. రోగి చేప, పప్పు, గుడ్డు కడుపునిండా తింటున్నాడా చూసుకోండి, వంకాయ లేకపోతే ఎవరూ చచ్చిపోరు.

కొద్ది రోజులకి మోహన్ మాట్లాడటం తగ్గించాడు. ఇది కూడా రాసుకోండి. ఎంత కోరుకున్న ఆపరేషన్ అయినా, మత్తు దిగి, నొప్పి మిగిలి, స్నానం లేక, నిద్ర లేక ఉన్నప్పుడు మనిషి కుంగుతాడు. అది పశ్చాత్తాపం అనుకుని కంగారుపడి ప్రశ్నలు వేయకూడదు. పక్కన కూర్చోవాలి.

గొట్టాలు తీసేసి, క్లినిక్ డాక్టరు పక్కనుండగా కట్టు విప్పింది నేనే. అద్దం అడిగాడు, ఇచ్చాను. ఛాతీ చదునుగానే ఉంది. కానీ వాచి, పసుపూ ఊదా కమిలి, రెండు పొడుగాటి కుట్లు, చనుమొనలు తీసి కొత్త చోట అతికిన చర్మం పొక్కు కట్టి నల్లగా ఉంది. ఆ నలుపు రాలిపోయి కింద గులాబీ రంగు వస్తుందని ముందే చెప్పాను. చెప్పడం వేరు, చూడటం వేరు. అద్దం పట్టుకున్న చెయ్యి దించేశాడు. కళ్ల వెంట నీళ్లు.

అప్పలసామి మంచం దగ్గరికొచ్చి వంగి, తీరిగ్గా, పొలం చూసినట్టు చూశాడు.

"సెరుకు కొట్టిన సేను ఇలాగే ఉంటాది," అన్నాడు. "నల్లగా, గరుగ్గా. ఎవడేనా సూసి ఏడుస్తాడేటి? మల్లా మొలుస్తాది."

మోహన్ ఆయన్ని చూశాడు. "మల్లా మొలిస్తే ఎలాగ నానా?"

క్షణం పట్టింది. ముందు డాక్టరు నవ్వాడు, తర్వాత నేను. అప్పలసామి తలపాగా గుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మోహన్‌కి నవ్వితే కుట్లు లాగుతున్నాయి, దిండు ఛాతీకి అదుముకుని, "నవ్వించకండి, నవ్వించకండి" అంటూ నవ్వాడు. మళ్లీ అద్దం అడిగి తీసుకున్నాడు. ఈసారి చాలాసేపు చూసుకున్నాడు.

చప్పట్లు

ఎదురింటివాళ్లు రోగిని చూడటానికి వస్తామన్నారు. మా ఇంట్లో మా ఆయన పోయాక వరండాలో చాప పడలేదు. అప్పలసామి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "సెల్లెమ్మా, నీ ఇంట్లో కూకోవచ్చా?" అని అడిగాడు. మోహన్ ఇంకా మందుల మీద ఉన్నాడు, వాడికి కుదరదని గుర్తుచేశాను. తెలుసు అన్నాడు. పెరట్లో రెండు కొబ్బరి బోండాలు కొట్టించి ఉంచాడు.

మగవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు. మోహన్‌ని వీపు వెనక దిండ్లు పెట్టి తండ్రి పక్కన కూర్చోబెట్టారు. గిన్నె తిరిగింది. మోహన్ వంతు వచ్చినప్పుడు అప్పలసామి బిలో కడిగి, అందులో బోండాం నీళ్లు పోశాడు. ఎదురింటాయన ఏదో అనబోయాడు. అప్పలసామి అతని వైపు చూడకుండా రెండో బిలోలో కూడా బోండాం నీళ్లే పోసి తన ముందు పెట్టుకున్నాడు.

బిలో పుచ్చుకునే ముందు అరచేతులు గుల్లగా చేసి ఒక చప్పట్టు కొట్టాలి. అది లేనిదే తీసుకోకూడదు, తాగడం అయ్యాక చుట్టూ ఉన్నవాళ్లు కొడతారు. మోహన్ మోచేతులు పక్కలకి ఆనించుకుని, అరచేతులు దగ్గరికి తేబోయాడు. మొహం ముడుచుకుపోయింది.

"ఆగు," అన్నాడు తండ్రి.

బిలో కింద పెట్టి, చెరకు కొట్టి కాయలు కాసిన ఆ రెండు చేతులూ గుల్లగా పట్టి, మోహన్ బదులు తనే కొట్టాడు. ఆ చప్పుడుకి వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న నా చేతిలో కప్పు ఆగింది. అప్పుడు బిలో అందుకుని కొడుకు నోటికి అందించాడు.

మోహన్ తాగాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.